ఆ బొమ్మ వేళ్ళు నిజంగానే వాయించాయి

నమస్కారమండీ. మీ ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను. మీ నాన్నగారు జెనీవాలో ఉద్యోగం చేసే రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం మిమ్మల్నీ మీ అన్నయ్యనీ ఏదో మ్యూజియానికి తీసుకెళ్ళారు. అక్కడ గౌను వేసుకున్న ఒక అమ్మాయి బొమ్మ పియానో వాయించింది. వాయిస్తూ తల తిప్పింది, ఊపిరి పీల్చింది, చివర్లో వంగి నమస్కారం చేసింది. ఇన్నేళ్ళ తర్వాత మీ అన్నయ్య "అదంతా కనికట్టు, కింద టేపు రికార్డరో సంగీతపు పెట్టెనో మోగుతుంటే పైన బొమ్మ చేతులు ఆడించారు" అంటున్నారు. మీకేమో వేళ్ళు నిజంగా మెట్లు నొక్కినట్టే గుర్తు. ఎవరి మాట సరైనది అని అడిగారు.

మీ మాటే సరైనది. ఆ బొమ్మ వాయించినట్టు నటించదు, వాయిస్తుంది. మీ జ్ఞాపకంలో ఒక్క సవరణ చాలు: అది పియానో కాదు, గొట్టాల ఆర్గాన్. చూడటానికి ఆ కాలపు తంత్రీ వాద్యాల పెట్టెలా ఉంటుంది కాబట్టి చాలామంది పియానో అనుకుంటారు. లోపల తీగలు లేవు. గాలి నిండే తిత్తులు, ఆ గాలితో పలికే గొట్టాలు ఉన్నాయి.

మీరు చెప్పిన గుర్తులన్నీ ఒక్క బొమ్మకే సరిపోతాయి. స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ పట్టణంలో, కళా చరిత్ర మ్యూజియంలో ఉన్న 'సంగీతకారిణి' అది. జెనీవా నుంచి రైల్లో గంటకు కాస్త పైన పడుతుంది. అక్కడ నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం ఈ బొమ్మలను నడిపి చూపించే ఆనవాయితీ ఉంది. మీరు ఆదివారం అనడం వల్లే నాకు అనుమానం తీరిపోయింది. ఇంకా నమ్మకం కావాలంటే ఆమె పక్కన ఇద్దరు చిన్నపిల్లల బొమ్మలు ఉన్నాయేమో గుర్తు తెచ్చుకోండి. ఒకడు బాతు ఈకను సిరాలో ముంచి, విదిలించి, అక్షరాలు రాస్తాడు. రెండోవాడు పెన్సిల్‌తో బొమ్మ గీస్తూ మధ్యమధ్య కాగితం మీది పొడిని ఉఫ్‌మని ఊదుతాడు. పిల్లలకు ఆ ఊదడం బాగా గుర్తుండిపోతుంది. మీ అన్నయ్యను అడిగి చూడండి.

ఈ ముగ్గురినీ చేసినవాళ్ళు జూరా కొండల్లోని లా షో ద ఫోన్ అనే గడియారాల ఊరివాళ్ళు: పియేర్ జాకే ద్రో, ఆయన కొడుకు ఆన్రీ లూయి, వాళ్ళతో పనిచేసిన జాన్ ఫ్రెడెరిక్ లెషో. 1768లో మొదలుపెట్టి 1774లో జనం ముందుకు తెచ్చారు. తర్వాత పారిస్, లండన్ సహా యూరప్ నగరాలెన్నో తిప్పారు. చేతులు మారి మారి చివరికి 1906లో, న్యూషాటెల్ చరిత్ర సంఘం 75,000 బంగారు ఫ్రాంకులు చెల్లించి బెర్లిన్‌లోని ఒక సేకరణకర్త దగ్గర కొని సొంత సీమకు తెచ్చుకుంది. 1909 నుంచి మ్యూజియంలోనే ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. పాత గడియారాలు, సంగీతపు పెట్టెలు బాగుచేయడం నా వృత్తి కాబట్టి ఇలాంటి యంత్రం ముందు నిలబడితే నా కళ్ళు మొదట వేళ్ళ మీదికే పోతాయి. న్యూషాటెల్‌లో వీలైనప్పుడల్లా నేను ఎంచుకునే చోటు బొమ్మకు ఎదురుగా కాదు, పక్కన. అక్కడి నుంచి చూస్తే ముంజేయి నెమ్మదిగా పక్కకు జరిగి, సరైన మెట్టు మీదికి వచ్చి ఆగడం కనిపిస్తుంది. అప్పుడు ఒక వేలు మాత్రం దిగుతుంది. వేలి కింద మెట్టు కుంగుతుంది. స్వరం పుడుతుంది. వేలు లేచిన మరుక్షణం మెట్టు పైకి వస్తుంది, స్వరం తెగిపోతుంది. హార్మోనియం వాయించినవాళ్ళకు ఇది తెలిసిన లక్షణమే: మెట్టు మీద వేలున్నంతసేపే శబ్దం. ఆర్గాన్ కూడా అంతే. అందుకే ఇందులో మోసానికి చోటు తక్కువ. పొడుగు స్వరం వినిపిస్తున్నప్పుడు వేలు కిందే ఉందా, పొట్టి స్వరానికి వెంటనే లేచిందా అన్నది చూస్తే చాలు. న్యూషాటెల్ అమ్మాయి వేళ్ళు ఒక్క చోట కూడా స్వరంతో విభేదించవు.

ఇది ఎలా సాధ్యమైందో చెబుతాను. కీ ఇచ్చి బిగించిన స్ప్రింగు ఒక లోహపు సిలిండర్‌ను తిప్పుతుంది. దాని ఒంటి నిండా సన్నని మేకులు. సిలిండర్ తిరుగుతుంటే ఒక్కో మేకు ఒక్కో మీటను కదుపుతుంది. ఆ కదలిక కడ్డీల ద్వారా మోచేతి దాకా, అక్కడి నుంచి ముంజేతి లోపలుగా వేలి దాకా వెళ్తుంది. పది వేళ్ళకూ విడివిడి దారులు. అయితే వేలు దిగడం ఒక్కటే సరిపోదు, చెయ్యి సరైన మెట్టు పైన ఉండాలి కదా. ఆ పని క్యామ్‌లది. క్యామ్ అంటే అంచు ఎత్తుపల్లాలుగా కోసిన చక్రం. దాని అంచు మీద ఆనుకున్న మీట ఎత్తు వచ్చినప్పుడు లేస్తుంది, పల్లం వచ్చినప్పుడు దిగుతుంది. ఆ లేవడం దిగడమే చేతిని ఎడమకూ కుడికీ జరుపుతుంది. ఎప్పుడు నొక్కాలో మేకు చెబుతుంది, ఎక్కడ నొక్కాలో క్యామ్ చెబుతుంది. ఈ రెండూ ఒకే ఇరుసు వేగానికి కట్టుబడి నడవాలి.

క్యామ్ అంచు వెంట్రుకవాసి అరిగితే ఏమవుతుందో ఊహించండి. చెయ్యి కాస్త పక్కకు పోతుంది. వేలు రెండు మెట్ల మధ్య సందులో దిగుతుంది, లేదా పక్క మెట్టును కూడా తాకుతుంది. అపస్వరం పలుకుతుంది. లోపల సంగీతపు పెట్టె పెట్టుకున్న బొమ్మకు ఈ గండం ఎప్పుడూ ఉండదు. చేతులు ఎటు పోయినా పాట పాటే. జాకే ద్రో బృందం తేలిక దారి తెలియక ఈ కష్టం పడలేదు. పాడే పక్షులు, సంగీత గడియారాలు చేసి అమ్మినవాళ్ళకు, దాచిపెట్టిన వాద్యం మీద పాట పలికించడం రోజూ చేసే పని. అయినా అమ్మాయి వేళ్ళతోనే వాయించాలని పట్టుబట్టారు. రెండు వేల అయిదువందల దాకా భాగాలున్న ఆ శరీరం ఎందుకంత క్లిష్టమైందో తెలియాలంటే ఈ పట్టుదల సంగతి తెలియాలి. ఆమె వాయించే అయిదు పాటలూ ఆన్రీ లూయి కూర్చినవేనని చెబుతారు. వాద్యం, వాయించే చెయ్యి, పాట మూడూ ఒకే కర్మశాలలో పుట్టాయన్నమాట. చేతుల విషయంలో వాళ్ళు గడించిన నైపుణ్యం బొమ్మలతో ఆగలేదు. పుట్టుకతోనే చేతులు సరిగా లేని గ్రిమో ద లా రేనియేర్ అనే ఫ్రెంచి సంపన్నుడికి కృత్రిమ హస్తాలు చేసిచ్చింది కూడా ఈ బృందమే.

మీరు ప్రత్యేకంగా ఊపిరి గురించి అడిగారు. అది మాత్రం నటన. ఆమె ఎద లేచి దిగడానికీ ఆర్గాన్ గాలికీ సంబంధం లేదు. వాద్యానికి కావలసిన తిత్తులు వేరు. ఊపిరి, కళ్ళ కదలిక, తల తిప్పడం, చివరి నమస్కారం అన్నీ వేరే మీటలు నడిపేవి, చూసేవాళ్ళ కోసం చేర్చినవి. పాట మొదలు కాకముందే ఆమె ఊపిరి తీస్తూ ఉంటుంది, పాట ముగిశాక కూడా తీస్తూనే ఉంటుంది. నాకు వాళ్ళ గడుసుతనం మొత్తం ఇక్కడే కనిపిస్తుంది. పాటల మధ్య ఖాళీలో బొమ్మ కొయ్యబారిపోతే అంతవరకూ నమ్మిన మనసు చప్పున వెనక్కి వస్తుంది. ఊపిరి ఆ ఖాళీని నింపుతుంది. కళ్ళు వేళ్ళ వెంట పోవడం కూడా అలాంటిదే. వాయించేవాళ్ళు చేతుల వైపు చూసుకుంటారని గమనించి, దాన్ని కూడా ఒక చక్రం అంచుకు ఎక్కించారు.

మీ అన్నయ్య అనుమానాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఆయన చెప్పినలాంటి బొమ్మలు నిజంగా ఉన్నాయి, పైగా నిజంగా వాయించేవాటి కంటే చాలా ఎక్కువ సంఖ్యలో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పారిస్‌లో గుస్తావ్ విషీ, లియోపోల్ లాంబేర్, రూలే ఎ దకాం వంటి తయారీదారులు మాండొలిన్ పట్టిన కుర్రాళ్ళను, హార్ప్ ముందు కూర్చున్న అమ్మాయిలను, ఫిడేలు వాయించే కోతులను ఎన్నో చేశారు. సంగీతం పీఠంలోని పెట్టె నుంచి వస్తుంది. చేతులు దాని పాటకు పక్కవాద్యంలా ఊగుతాయి, అంతే.

అలాంటి మాండొలిన్ బొమ్మ ఒకటి మరమ్మతు కోసం నా బల్ల మీదికి వచ్చింది. పట్టు చొక్కా విప్పితే లోపల అట్టతో చేసిన బోలు ఒళ్ళు. కుడి చేతికి మోచేతి దగ్గర ఒకే ఒక్క తీగ కట్టి ఉంది. అది పీఠంలోని ఒక చిన్న క్యామ్ దాకా దిగింది. చక్రం ఒక చుట్టు తిరిగితే చెయ్యి రెండుసార్లు కిందకీ పైకీ ఆడుతుంది, అంతకు మించి దానికి ఏమీ తెలియదు. వేళ్ళు మాండొలిన్ మీద గీసిన తీగలకు అంగుళం ఎడంగా ఆగిపోతాయి. పాటంతా కింద ఉక్కు దువ్వెన లాంటి పళ్ళ పలక పలుకుతోంది. అంతకుముందు దాన్ని ఎవరో బాగుచేస్తూ పళ్ళ కింద ఉండాల్సిన సన్నని ఈక ముక్కలను పీకేశారు. ఆ ఈకలు మోగుతున్న పంటిని, తర్వాతి మేకు తాకే ముందు అణుస్తాయి. అవి లేకపోతే ప్రతి స్వరానికీ ముందు కీచుమంటుంది. నేను ఈకలు మళ్ళీ అంటించాను, పాట శుభ్రపడింది, చెయ్యి మాత్రం ఎప్పటిలాగే గాలిలో ఆడింది. ఆ బొమ్మ మీద నాకు చిన్నచూపు లేదు. దాని ముఖం, మెడ వంపు, కనురెప్ప వాల్చే తీరు అద్భుతం. కాకపోతే అది సంగీతానికి ఆడే నటి, న్యూషాటెల్ అమ్మాయి వాద్యకారిణి.

ఏది ఏదో మీరే పోల్చుకోవచ్చు. చేతి కదలిక కొద్ది క్షణాలకోసారి అచ్చం అలాగే తిరిగి వస్తూ, పాట మాత్రం ముందుకు పోతుంటే అది నటన. శబ్దం వాద్యం నుంచి కాక పీఠం నుంచి వస్తున్నట్టు చెవికి తోచినా అంతే. మెట్ల వాద్యమైతే మెట్టు నిజంగా కుంగుతోందా అని చూడండి. తీగ వాద్యమైతే తీగ అదురుతోందా అని చూడండి. వెలుతురు పక్క నుంచి పడితే అదురు తెలుస్తుంది.

తీగల మాట వచ్చింది కాబట్టి పారిస్ బొమ్మ సంగతి చెప్పాలి.  పారిస్‌లోని కళలు, చేతివృత్తుల మ్యూజియంలో ఉంది. జర్మనీలోని నోయివీడ్‌కు చెందిన గడియారాల నిపుణుడు పీటర్ కింట్సింగ్, కొయ్యపనిలో పేరుమోసిన డేవిడ్ రోంట్‌గెన్ కలిసి 1784లో చేశారు. ఫ్రాన్స్ రాణి మరీ ఆంట్వానెట్ కొని, 1785లో సైన్స్ అకాడమీకి ఇచ్చేసింది. ఈ బొమ్మ మన సంతూర్‌కు దగ్గరి చుట్టమైన వాద్యం ముందు కూర్చుంటుంది. రెండు చేతుల్లో రెండు చిన్న సుత్తులు. ఎదురుగా 46 తీగలు. సుత్తి నిజంగా తీగను కొడుతుంది. ఎనిమిది పాటలు వస్తాయి. వాటిలో ఒకటి స్వరకర్త గ్లూక్ 'ఆర్మీద్' ఒపెరాలోనిదని గుర్తించారు. 1864లో ఇంద్రజాలికుడు రోబేర్ ఊదాన్ దీన్ని బాగుచేశాడు. గారడీ చేసేవాడు గారడీ లేని బొమ్మను బాగుచేశాడన్న సంగతి మీ అన్నయ్యకు తప్పక చెప్పండి.

మెట్టు నొక్కడం కంటే సుత్తితో తీగను కొట్టడం ఒక రకంగా కష్టం. మెట్టు మీద వేలు నిలబడవచ్చు. సుత్తి నిలబడితే తీగ నొక్కుకుపోయి మోగదు. తగిలీ తగలగానే వెనక్కి లేవాలి. వాయించే మనిషి మణికట్టు వదులుగా ఉంచి సాధించే పని అది. దాన్ని మీటతో, స్ప్రింగుతో సాధించి, పైగా 46 తీగల మధ్య గురి తప్పకుండా నడిపించారు. నిపుణుల దృష్టిలో ఈ రెండు బొమ్మల్లో ఏది గొప్పదో తేల్చడం కష్టం. నన్నడిగితే చెయ్యి విషయంలో పారిస్ బొమ్మ, ప్రాణం ఉన్నట్టు కనిపించే విషయంలో న్యూషాటెల్ అమ్మాయి.

ఈ ఇద్దరికీ ముందు నడిచినవాడు ఒకడున్నాడు. అతను ఇప్పుడు లేడు. గ్రెనోబుల్‌లో పుట్టిన జాక్ ద వోకాన్సన్ 1738 ఫిబ్రవరిలో పారిస్‌లో ప్రదర్శించిన వేణువాద్యకారుడు. పన్నెండు పాటలు వాయించేవాడు. ఇందాక న్యూషాటెల్ అమ్మాయి ఊపిరి నటన అన్నాను కదా, ఇతని విషయంలో ఊపిరే అసలు పని. వోకాన్సన్ తొమ్మిది తిత్తులు పెట్టి, మూడేసి చొప్పున వేర్వేరు బరువులతో నొక్కించి, మూడు రకాల ఒత్తిడి గల గాలి తెప్పించాడు. ఆ గాలి నోటి దాకా వచ్చాక పెదవులు తెరుచుకునేవి, మూసుకునేవి, ముందుకూ వెనక్కూ జరిగేవి. నోట్లో చిన్న నాలుక గాలిని వదిలేది, ఆపేది. వేళ్ళ కొనలు వేణువు రంధ్రాలను సందు లేకుండా మూయాలి కాబట్టి వాటికి తోలు తొడిగాడు. ఎందుకింత కష్టం అంటే, అడ్డవేణువులో గాలి ఊదితే చాలదు. పెదవి ఎంత తెరిచారు, ఎంత దూరంలో పెట్టారు, ఎంత బలంగా ఊదారు అనే మూడూ కుదిరితేనే స్వరం పలుకుతుంది. వేణువు నేర్చుకున్నవాళ్ళకు మొదటి నెల అంతా పడే తంటా ఇదే. వోకాన్సన్ దాన్ని కొలతలుగా విడగొట్టి, సైన్స్ అకాడమీ ముందు వివరంగా రాసి పెట్టాడు. 1743లో అతను తన బొమ్మలను అమ్మేశాడు. అవి ప్రదర్శనల వెంట తిరిగి తిరిగి పాడైపోయాయి. వేణువాద్యకారుడు మిగల్లేదు. మనకు మిగిలింది ఆ రాత ఒక్కటే. నా వృత్తిలో ఉన్న ఎవరికైనా దాన్ని చదువుతుంటే చేతులు నిలవవు.

నటనకూ నిజానికీ మధ్యన నిలిచే బొమ్మలు కూడా ఉన్నాయి. మ్యూనిక్‌లోని డాయిచ్ మ్యూజియంలో ఒక ట్రంపెట్ వాద్యకారుడున్నాడు. డ్రెస్డెన్‌లో కౌఫ్‌మన్ 1810లో చేసింది. అతని సంగీతం లోపలి తిత్తుల గాలితో అదిరే లోహపు నాలుకల నుంచి పుడుతుంది. మనిషిలా పెదవుల అదురుతో కాదు. పట్టుకున్న ట్రంపెట్ ఆ శబ్దాన్ని బయటికి పంపే గొట్టం మాత్రమే. అందువల్లే అతను ఒకేసారి రెండు స్వరాలు పలికించగలడు. ఒకే జత పెదవులున్న మనిషికి అది మామూలుగా సాధ్యం కాదు. 1812లో స్వరకర్త వేబర్ ఆశ్చర్యపడి రాసింది సరిగ్గా ఈ జంట స్వరాల గురించే. అతని గొంతులో గాలి నిజం, పెదవి అబద్ధం అనుకోవచ్చు.

టిప్పు సుల్తాన్ కొయ్య పులి బొమ్మ గురించి కూడా ఇదే సందర్భంలో అడుగుతుంటారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక లండన్ చేరి, ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులోనూ ఆర్గాన్ ఉంది. అయితే వాయించాల్సింది బొమ్మ కాదు. పులి పొట్టలోని దంతపు మెట్ల మీద మనిషే వాయించాలి. కాబట్టి అది మన లెక్కలోకి రాదు.

మీ ప్రశ్న చివర్లో ఒక వాక్యం రాశారు: "ఆ పాట ఇప్పటికీ చెవిలో ఉంది, అయితే నిజంగా అదే పాటో కాదో." దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది. మీకు గుర్తున్న పాట 1774 నాటి జనం విన్న పాటే. కేవలం స్వరాల వరుస కాదు, వాటిని వాయించిన తీరు కూడా. కాగితం మీద రాసిన సంగీతంలో వేగం, విరుపు, అలంకారం చాలావరకు వాయించేవాళ్ళకే వదిలేస్తారు. మేకులు దిగ్గొట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఏ స్వరం ఎంతసేపు నిలవాలి, తర్వాతి దానికి ముందు ఎంత మౌనం ఉండాలి అనేది అంతా కొలిచి నిర్ణయించాలి. 1775లో, అంటే మన అమ్మాయి బయటికొచ్చిన మరుసటి ఏడాదే, ఆంగ్రమెల్ అనే ఫ్రెంచి సన్యాసి సిలిండర్ల మీద పాటలు ఎలా గుర్తించాలో ఒక పుస్తకం రాశాడు. ప్రతి స్వరాన్నీ పలికే భాగం, మౌనంగా ఉండే భాగం అని రెండుగా చీల్చమన్నాడు. కాగితం మీద సమానంగా కనిపించే స్వరాలను అప్పటి వాద్యకారులు సమానంగా వాయించేవారు కాదు. ఒకటి కాస్త పొడుగు, దాని వెనకది కాస్త పొట్టి. ఆ తేడా ఎంతో అంకెల్లో ఇచ్చాడు. గ్రామఫోను పుట్టడానికి వందేళ్ళ ముందు వాయింపును దాచుకున్న చోట్లు ఇవే, ఈ మేకుల సిలిండర్లు. వేగం విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఇలాంటి యంత్రాల్లో పరుగును అదుపు చేసేది గిరగిరా తిరిగే చిన్న గాలిరెక్క. దాని వాలును కొంచెం మార్చినా, నూనె చిక్కబడినా పాట వేగం మారుతుంది. మీరు విన్నది 1774 నాటి కంటే కొంచెం నిదానమో, త్వరో అయి ఉండవచ్చు. స్వరాల మధ్య నిష్పత్తి మాత్రం మారదు. అది లోహంలో ఉంది.

ఇక్కడ మన సంగీతం గుర్తుకు రాకుండా ఉండదు. బొబ్బిలి వీణ వాయించే మరబొమ్మ చేయవచ్చా అని నన్ను ఒకరిద్దరు కుర్రవాళ్ళు అడిగారు. కుడి చెయ్యి సులభం. మీటడం మేకు పని, పారిస్ బొమ్మ సుత్తి చేసే దానికంటే కష్టమేమీ కాదు. కష్టమంతా ఎడమ చేతిది. మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగి గమకం తీయాలి. ఎంత లాగాలి, ఎంత నిదానంగా వదలాలి, వదిలేటప్పుడు ఎన్నిసార్లు ఊగించాలి అనేది రాగాన్ని బట్టి, స్వరాన్ని బట్టి మారుతుంది. మేకుకు తెలిసింది ఔను కాదు అనే రెండు మాటలే. ఇది క్యామ్ పని. చక్రం అంచునే గమకం ఆకారంలో కోయాలి. తోడి గాంధారానికి ఒక అంచు, కల్యాణి గాంధారానికి ఇంకో అంచు. ఒక చిన్న వర్ణానికి ఎన్ని చక్రాలు కావాలో ఆలోచిస్తే గుండె దడదడలాడుతుంది. అయినా అసాధ్యం కాదు. రాసే కుర్రాడి చెయ్యి అక్షరాల వంపులు తిప్పేది సరిగ్గా ఇలాంటి క్యామ్‌లతోనే. 'క' వంపు తిప్పగలిగిన చక్రం గమకం వంపు తిప్పలేదా? ఎవరైనా పూనుకుంటే నాకు తెలిసిందంతా సంతోషంగా చెబుతాను. వాద్యాలు వాయించే యంత్రాల ప్రస్తావన మన దగ్గర పదకొండో శతాబ్దపు భోజరాజు 'సమరాంగణ సూత్రధారం'లోనే ఉంది. నిర్మాణ రహస్యాలు కావాలనే బయటపెట్టడం లేదని ఆ గ్రంథమే చెబుతుంది. అందుకే అవి ఎలా పనిచేశాయో తేల్చుకోవడానికి మన చేతిలో యంత్రం లేదు, కొలతలు లేవు. న్యూషాటెల్‌కు అంత విలువ రావడానికి కారణం అదే: అక్కడ యంత్రం ఉంది, ఇంకా నడుస్తోంది.

అన్నయ్యతో కలిసి మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉందని రాశారు. తప్పకుండా వెళ్ళండి. ప్రదర్శన వేళలు మ్యూజియం వాళ్ళను ముందుగా అడిగి, మొదటి ఆదివారానికి టికెట్లు చేసుకోండి. అరగంట ముందే చేరితే పక్కన నిలబడే చోటు దొరుకుతుంది. మొదటి పాటకు ముఖం చూడకండి, ఎంత లాగినా సరే. కుడి చేతి వేళ్ళను, వాటి కింది మెట్లనే చూడండి. రెండో పాటకు ముఖం చూసుకోవచ్చు. పాటల మధ్య నిశ్శబ్దంలో చెవి పెట్టి వినండి, మీటల చిన్న టకటక వినిపిస్తుంది. రాసే కుర్రాడి వీపు తెరిచి లోపలి చక్రాల వరుసను చూపించడం కూడా నేను చూశాను. అది చూశాక మీ అన్నయ్య టేపు రికార్డరు మాట మళ్ళీ ఎత్తరని నా నమ్మకం.

స్విట్జర్లాండ్ ప్రయాణం కుదిరేలోగా ఆయనకు నటించే బొమ్మలను చూపించడం కూడా మంచిదే, తేడా కళ్ళకు కడుతుంది. ఆయన న్యూజెర్సీలో ఉంటారన్నారు కదా. అక్కడి మారిస్‌టౌన్ దగ్గర మారిస్ మ్యూజియంలో గిన్నిస్ సేకరణ ఉంది, సంగీత యంత్రాలూ మరబొమ్మలూ కలిపి దాదాపు 750. కొన్నింటిని నడిపి చూపిస్తారు. మీరు హైదరాబాద్‌లోనే ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం ముందు గంట కొట్టే వేళకు నిలబడండి. గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొడతాడు. జనమంతా అతని ముఖం చూస్తుంటారు. మీరు మాత్రం అతని చేతిలోని సుత్తి గంటను తాకే క్షణాన్ని చూడండి, శబ్దం అప్పుడే వచ్చిందో లేదో చెవితో సరిచూసుకోండి. న్యూషాటెల్‌లో వేళ్ళను చూడటానికి అది మంచి సాధన.